మచ్చల రెక్కల దోమ: సర్ రోనాల్డ్ రాస్ జీవితం (1857–1932)



ఈ నెల మహనీయుల పేజీ రాసే వంతు నాది. ఆగస్టు కాబట్టి స్వాతంత్ర్య సమరయోధుల్లో ఒకరి గురించి రాద్దామనే అనుకున్నాను. కానీ పోయిన నెల బేగంబజార్‌లో ఒక గిన్నెల దుకాణంలో జరిగిన చిన్న సంగతి నన్ను వేరే దారి పట్టించింది.

బహుమతులకు స్టీల్ టిఫిన్ బాక్సులు కొనడానికి ఆదివారం పూట వెళ్ళాం. ఆ దుకాణం యజమాని మా ఆరో తరగతి విద్యార్థి తండ్రే. అంతకు రెండు వారాల ముందే పేరెంట్స్ మీటింగులో ఆయనకు మీ అబ్బాయి కేర్‌లెస్ అని చెప్పాను. యూనిట్ టెస్టులో కింది వాటిలో క్షీరదం కానిది ఏది అని ఇంగ్లిష్‌లో అడిగితే, ఆ నాట్ అనే మాటను దాటేసి క్షీరదం పేరు రాసి వచ్చాడు. అలాంటివి ఒకటి కాదు, మూడు ప్రశ్నలు. రిపోర్టు కార్డులో రిమార్కు కూడా అదే రాశాను. ఆదివారం ఆ అబ్బాయి దుకాణంలోనే ఉన్నాడు. నా ముందు పేర్చిన బాక్సుల్లోంచి, మా నాన్నకు చూపించాలి అన్నట్టుగా, మూడు తీసి పక్కన పెట్టాడు. మూడింటికీ మూలల్లో సన్నటి సొట్టలున్నాయి. నేను అంతకు ముందే వాటన్నిటినీ చూసి బాగున్నాయని తల ఊపాను. వాళ్ళ నాన్నగారు నవ్వారు. ఇక్కడ లేని నిర్లక్ష్యం అక్కడ ఎక్కడి నుంచి వస్తోందో మీరే చెప్పాలి మేడమ్ అన్నారు. మర్యాదగానే అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు వెతుక్కుంటూ చదువుతుంటే ఒక పేరు తగిలింది. మన ఊళ్ళో అందరికీ తెలిసిన పేరే. నల్లకుంటలో ఫీవర్ హాస్పిటల్ ఉంది కదా, పెద్దవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు, దాని అసలు పేరులో ఉన్నది ఆయన పేరే: సర్ రోనాల్డ్ రాస్. మలేరియా దోమ వల్ల వస్తుందని కనిపెట్టిన డాక్టరని మన పిల్లలు జనరల్ నాలెడ్జ్‌లో ఒక్క వాక్యంగా చదువుతారు. ఆ ఒక్క వాక్యం వెనక ఉన్నది నిజానికి ఒక వెతుకులాట. వేలాది మామూలు కణాల మధ్య మామూలుగా లేని ఒక్క కణం కోసం, ఏళ్ళ తరబడి.

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులు. తండ్రి క్యాంప్‌బెల్ రాస్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పది మంది పిల్లల్లో రోనాల్డ్ పెద్దవారు. ఎనిమిదేళ్ళకే చదువు కోసం ఇంగ్లండులో బంధువుల దగ్గరికి పంపేశారు. ఓడలో నెలల ప్రయాణం, కొత్త దేశం, అమ్మానాన్నలు ఏడు సముద్రాల అవతల. హాస్టల్లో పిల్లల్ని వదిలి వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటే తల్లిదండ్రులకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఆ అబ్బాయికి లెక్కలంటే ఇష్టం, బొమ్మలంటే ఇష్టం, కవిత్వం, సంగీతం అంటే ఇంకా ఇష్టం. డాక్టరు చదువంటే మాత్రం ఇష్టం లేదు. ఆర్టిస్టో రచయితో కావాలనుకున్నారు. తండ్రి ఒప్పుకోలేదు. కొడుకు డాక్టరై ఇండియా వైద్య సర్వీసులో చేరాలని నిర్ణయించి లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూస్ ఆసుపత్రి కాలేజీలో చేర్పించారు. అక్కడ రాస్ పుస్తకాల కంటే పాటలు కట్టడం మీద, నాటకాలు రాయడం మీదే ఎక్కువ సమయం పెట్టారు. ఫలితం మీరు ఊహించినట్టే వచ్చింది. 1879లో ఒక పరీక్ష గట్టెక్కారు, రెండోది పోయింది. కొన్నాళ్ళు ఓడల్లో డాక్టరుగా పని చేసి, మళ్ళీ రాసి 1881లో పాసయ్యారు. సర్వీసు వచ్చింది. అదే ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీకి బయల్దేరారు.

తర్వాతి పదేళ్ళలో మద్రాసు, బెంగళూరు, బర్మా, అండమాన్ అన్నీ తిరిగారు. మధ్యాహ్నానికల్లా డ్యూటీ అయిపోయేది. మిగతా సమయమంతా లెక్కలు, నవలలు, పద్యాలు. ఈ కాలంలో చెప్పుకోవలసింది 1883 నాటి బెంగళూరు సంగతి ఒక్కటే. ఆయన ఉన్న బంగళాలో దోమలు విపరీతం. కిటికీ బయట ఉన్న నీళ్ళ తొట్టి చుట్టూ అవి ముసురుతున్నాయని గమనించి లోపల చూస్తే పిల్ల పురుగులు కదులుతున్నాయి. తొట్టి బోర్లించారు. దోమలు తగ్గాయి. ఆఫీసర్ల మెస్సులో కూడా పూలకుండీల నీళ్ళు, తొట్లు తీసేద్దామని పై అధికారికి చెబితే ఆయన ఒప్పుకోలేదట. దేవుడు సృష్టించిన జీవుల జోలికి పోకూడదన్నది ఆయన అభిప్రాయం. ఈ వానాకాలం మన అపార్ట్‌మెంట్ మీటింగుల్లో కూలర్ నీళ్ళు పారబోయమని అడిగి చూడండి, ఆ పై అధికారి ఇంకా బతికే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక అసలు కథ. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచ్ సైనిక వైద్యుడు మలేరియా రోగి రక్తంలో నల్లటి రేణువులున్న చిన్న జీవుల్ని చూశారు. చలిజ్వరానికి చిత్తడి నేలల చెడ్డ గాలి కారణమని శతాబ్దాలుగా నమ్మిన ప్రపంచానికి అది కొత్త మాట. రాస్ ఇండియాలో రోగుల రక్తం తీసి మైక్రోస్కోపు కింద మళ్ళీ మళ్ళీ చూశారు. ఏమీ కనిపించలేదు. కనిపించలేదు కాబట్టి లేదనే తేల్చారు. లావెరాన్ పొరబడ్డారని, మలేరియా పేగుల్లో పుట్టే విషం వల్ల వస్తుందని వ్యాసాలు కూడా అచ్చు వేశారు.

1894లో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరును కలిశారు. చైనాలో పని చేస్తూ, బోదకాలు పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని 1877లోనే చూపించిన పెద్దమనిషి ఆయన. మాన్సన్ ఒక రక్తపు స్లైడు పెట్టి, రాస్‌ను పక్కన కూర్చోబెట్టి, ఇదిగో ఈ నెలవంక ఆకారం, ఇదిగో ఈ నల్ల రేణువులు అని చూపించారు. అంతే. ఇండియాలో ఇన్నేళ్ళు కనపడనిది ఆ రోజు నుంచి రాస్‌కు కనపడటం మొదలుపెట్టింది. కళ్ళు అవే, వెతికే మనిషీ ఆయనే. మారిందల్లా ఏం వెతుకుతున్నామో మనసులో ఒక బొమ్మ ఏర్పడటం.

ఇక్కడ ఒక్క నిమిషం మన బజారుకు వద్దాం. జీడిపప్పు రాశిలో ఒక నల్ల ద్రాక్ష పడిందనుకోండి, వెతకనక్కర్లేదు, చూపు దానంతటదే అక్కడికి పోతుంది. రాశి కిలో ఉన్నా బస్తా ఉన్నా తేడా ఉండదు. అదే పుచ్చిన జీడిపప్పు ఏరమంటే? రంగు కొంచెం, ఆకారం కొంచెం, రెండూ కలిపి చూస్తే గాని తెలియదు. అప్పుడు ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. రాశి పెరిగే కొద్దీ సమయమూ పెరుగుతుంది. ఈ రెండు రకాల వెతుకులాటకూ తేడా ఉందని 1980లో ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపించారు. రెండో రకంలో మనకు సాయం చేసేది చూపు పదును కాదు, అవధానం. ఎక్కడ చూడాలి, దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి అని మనసు కంటికి ఇచ్చే ఆజ్ఞ అది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒకటుంటుంది కదా, అవధాని దృష్టి చెదరగొట్టడానికే ఒకరిని ప్రత్యేకంగా కూర్చోబెడతారు. మన పెద్దలకు ఈ సంగతి బాగానే తెలుసన్నమాట.

మా విద్యార్థి దగ్గర సొట్ట ఎలా ఉంటుందో బొమ్మ ఉంది. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని చూస్తున్నాడు. పరీక్ష పేపర్లో మాత్రం వాడి మనసులో ఉన్న బొమ్మ క్షీరదం. నెల రోజులు మేం చెప్పిన పాఠం అదే మరి. కన్ను నేరుగా దాని మీదకే వెళ్ళింది. పక్కనున్న మూడక్షరాల మాటను వెతకమని వాడికి ఎవరూ చెప్పలేదు. అందులో నేనూ ఉన్నాను.

1895 ఏప్రిల్‌లో రాస్ బొంబాయిలో ఓడ దిగారు. సామాను కస్టమ్స్‌లో ఉండగానే ఆసుపత్రికి వెళ్ళి మలేరియా రోగులున్నారా అని అడిగారట. అక్కడి నుంచి ఆయనను పంపింది మన సికింద్రాబాద్‌కు, 19వ మద్రాస్ పదాతి దళానికి డాక్టరుగా. అప్పట్లో ఇది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రాజ్యం, సికింద్రాబాద్ బ్రిటిష్ వాళ్ళ కంటోన్మెంట్. మూసీకి ఈ పక్క బేగంబజార్‌లో వ్యాపారం అప్పటికే వందేళ్ళ నాటిది. ఆ నేలను రెండో నిజాం భార్య హుమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చారని చెబుతారు. ఊరికి ఆ చివర బేగంపేట ఆసుపత్రిలో ఒక దొర దోమలకు డబ్బులిస్తున్నాడన్న వార్త ఇక్కడి అంగళ్ళ దాకా వచ్చే ఉంటుందని నాకో ఊహ.

దొర నిజంగానే డబ్బులిచ్చారు. పద్ధతి ఇది: మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, లోపల దోమల్ని వదిలి కుట్టించాలి. రక్తం తాగిన దోమల్ని పట్టి, కొన్ని రోజులు బతకనిచ్చి, కోసి, మైక్రోస్కోపు కింద ఒళ్ళంతా వెతకాలి. రోగి రక్తంలోని జీవి దోమలో ఏమవుతోంది? ఎక్కడ దాక్కుంటోంది? ఎలా ఉంటుంది? ఆ మూడో ప్రశ్నకు జవాబు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. రక్తంలో ఉన్నప్పటి బొమ్మ మాన్సన్ ఇచ్చారు. దోమ లోపల అది ఏ రూపం తీసుకుంటుందో మాన్సన్‌కు కూడా తెలియదు. పైగా ఆయన ఒక పొరపాటు కూడా నూరిపోశారు. దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగిన మనిషికి జ్వరం వస్తుంది అని.

ఇక్కడొక సంగతి దాటేయడం నాకు ఇష్టం లేదు. ఆ నీళ్ళ సిద్ధాంతం నిజమో కాదో చూడటానికి రాస్ దోమలు చచ్చిన నీళ్ళను కొందరు మనుషులకు తాగించారు. లక్ష్మణ్ అనే ఆరోగ్యంగా ఉన్న యువకుడికి కొన్నాళ్ళకు జ్వరం వచ్చింది కూడా. తర్వాత మరికొందరికి తాగిస్తే ఆ ఫలితం నిలబడలేదు. డబ్బు ఇచ్చారు, వాళ్ళు ఒప్పుకున్నారు, అన్నీ నిజమే. అయినా నెలజీతాల కంటోన్మెంట్ డాక్టరుకూ ఆయన ముందు నిలబడిన పేదవాడికీ మధ్య ఒప్పుకోలు అనే మాటకు ఎంత బరువుంటుంది? ఇవాళ ఏ ఆసుపత్రిలోనూ ఇలాంటి ప్రయోగానికి అనుమతి దొరకదు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండని నా మనవి.

రెండేళ్ళు గడిచాయి. మధ్యలో కలరా డ్యూటీ మీద బెంగళూరు పంపేశారు. సెలవు పెట్టి ఊటీ దగ్గరి సిగూర్ లోయకు వెళ్తే అక్కడ ఆయనకే మలేరియా తగులుకుంది. కానీ ఆ ప్రయాణంలో ఒకటి కంట పడింది. గోడ మీద వాలిన ఒక దోమ. రెక్కల మీద మచ్చలున్నాయి. మామూలు దోమల్లా ఒళ్ళు గోడకు సమానంగా పెట్టకుండా తోక పైకెత్తి కూర్చుంది. రాస్ కీటక శాస్త్రవేత్త కాదు. దోమల శాస్త్రీయ నామాలు ఆయనకు తెలియవు. బూడిద రంగువి, చారలవి, మచ్చల రెక్కలవి అని తనకు తోచిన పేర్లు పెట్టుకున్నారు. ఆ రెండేళ్ళూ ఆయన కోసినవన్నీ బూడిద రంగువి, చారలవి. ఇవాళ మనం క్యూలెక్స్, ఏడిస్ అంటాం. ఏడిస్ డెంగీ తెస్తుంది, క్యూలెక్స్ బోదకాలు తెస్తుంది, మనిషికి మలేరియా ఇచ్చేది మాత్రం రెండూ కావు. అంటే ఆయన అంత శ్రద్ధగా వెతికిన చోట దొరకవలసింది అసలు లేనే లేదు.

1897 జూన్‌లో మళ్ళీ సికింద్రాబాద్. ఎండలింకా తగ్గలేదు. గదిలో పంకా ఊపనివ్వడానికి లేదు, కోసి పెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయి. నుదుటి మీది చెమట కారి కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. కంటి దగ్గరి అద్దం ఒకటి పగిలి ఉంది. ఒక్కో దోమను గంటల తరబడి, కడుపులోని కణం కణం చూడటం. చూసి ఏమీ లేదని నోట్‌బుక్కులో రాయడం. మళ్ళీ ఇంకో దోమ.

ఇలా వృథాగా పోయిన రెండేళ్ళ గురించి నా మాట ఒకటి. అవి వృథా కాలేదు. ఆ రెండేళ్ళలో రాస్‌కు దోమ కడుపు మన వంటిల్లు మనకు తెలిసినంతగా తెలిసిపోయింది. మామూలు కణం ఎంత ఉంటుంది, అంచు ఎంత మసకగా ఉంటుంది, ఒకదాని పక్కన ఒకటి ఎలా పేర్చి ఉంటాయి, అన్నీ. చీకట్లో పోపుల డబ్బా కోసం చెయ్యి చాస్తే అందుకుంటాం కదా, అలా. వెతుకుతున్నది ఎలా ఉంటుందో తెలియనప్పుడు ఇంకో దారి ఉంది. మిగతావన్నీ ఎలా ఉంటాయో క్షుణ్ణంగా తెలిసి ఉండటం.

మేం ఆరో తరగతిలో ఉల్లిపొర ప్రయోగం చేయిస్తాం. మొదటిసారి మైక్రోస్కోపులో కన్ను పెట్టిన పిల్లలు దాదాపు ప్రతి సంవత్సరం అదే చేస్తారు. స్లైడులో చిక్కుకున్న గాలి బుడగను చూసి, అదే కణమని నల్లగా గుండ్రంగా బొమ్మ గీసి తెస్తారు. బుడగ అంచు దట్టంగా ఉంటుంది, ముందు అదే కంట్లో పడుతుంది. పిల్లల తప్పేముంది? కణం ఎలా ఉంటుందో తెలియదు, బుడగ ఎలా ఉంటుందో తెలియదు. రెండూ తెలిసిన టీచరు మాత్రం ఒక్క చూపులో నవ్వేస్తుంది.

ఆగస్టు మధ్యలో రాస్ సహాయకుడు ఒక సీసాలో దోమ పిల్లల్ని పట్టి తెచ్చాడు. అవి దోమలయ్యాక చూస్తే రెక్కల మీద మచ్చలు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి తెరలో పడుకుని వాటితో కుట్టించుకున్నాడు. దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు ముట్టాయి. మన ఊరి పేరు వైద్య చరిత్రలోకి ఎక్కిందంటే అందులో ఈ మనిషి రక్తం ఉంది.

ఆ పదిలో కొన్ని చచ్చాయి, కొన్నింటిని వెంటనే కోసి చూశారు, ఏమీ లేదు. 20వ తేదీకి కొద్దిగానే మిగిలాయి. ఆ రోజు ఉదయం ఆసుపత్రి రౌండ్లు ముగించుకుని, ఉత్తరాలకు జవాబులు రాసి, ఒక దోమ తీసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం ఒంటి గంట కావస్తోంది. కళ్ళు అలిసిపోయాయి. ఒళ్ళంతా చూసేశారు, ఇక మిగిలింది కడుపు గోడ ఒక్కటే. ఎన్నోసార్లు చూసిన కడుపు గోడ. ఎప్పుడూ ఏమీ లేని కడుపు గోడ. తీసి పారేద్దామనిపించిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

ఆ బుద్ధి ఎంత బలమైనదో వందేళ్ళ తర్వాత లెక్కలు తేలాయి. 2005లో జెరెమీ వుల్ఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం, ఎయిర్‌పోర్టులో సామాన్ల స్కానింగు లాంటి బొమ్మలు చూపించి వాటిలో పనిముట్టు ఉందో లేదో చెప్పమంది. సగం బొమ్మల్లో పనిముట్టు ఉన్నప్పుడు జనం వదిలేసింది నూటికి 7 మాత్రమే. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు, ఉన్నవాటిలో నూటికి 30 వదిలేశారు. కళ్ళు అవే, బొమ్మలు అవే. దొరకదు అనుకున్న కొద్దీ మనసు లేదు అని తొందరగా చెప్పేసి ముందుకు పోతుంది. రాస్ వెతుకుతున్నది నూటికి ఒకటి కూడా కాదు, రెండేళ్ళలో ఒక్కసారీ కనపడనిది.

ఆయన పారేయలేదు. కడుపు గోడ మీద ఒక గుండ్రటి ఆకారం కనిపించింది. వెడల్పు సుమారు 12 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో దాదాపు ఎనభయ్యో వంతు. కొత్తగా చూసేవారికి అదీ ఒక కణమే, పక్కనున్నవీ కణాలే. రాస్‌కు మాత్రం రెండు సంగతులు నచ్చలేదు. అంచు మరీ స్పష్టంగా ఉంది. కడుపు కణానికి ఉండవలసిన దానికంటే సైజు చిన్నది. కొంచెం పక్కకు జరిపితే అలాంటిదే ఇంకొకటి. ఫోకస్ మార్చి లోపలికి చూస్తే అందులో నల్లటి రేణువులు. లండన్‌లో మాన్సన్ చూపించిన అవే నల్ల రేణువులు! మామూలు దోమ కణాల్లో అవి ఉండవు. రెండు చోట్ల నేర్చుకున్న రెండు బొమ్మలు ఒకే చోట కలిశాయి. కడుపు కణం ఇలా ఉండదని సికింద్రాబాద్ చెప్పింది, మలేరియా జీవి ఇలా ఉంటుందని లండన్ చెప్పింది.

మర్నాడు ఆగస్టు 21. ఆ రోజు కోసిన దోమలోనూ అవే ఆకారాలు ఉన్నాయి. కాకపోతే నిన్నటి కంటే పెద్దవి. పెద్దవయ్యాయంటే పెరుగుతున్నాయి, పెరుగుతున్నాయంటే ప్రాణమున్నవి. అంతకంటే రుజువేం కావాలి? ఆ రాత్రి భార్య రోజాకు పంపడానికి ఒక పద్యం రాసుకున్నారు.  డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆయన వ్యాసం అచ్చు వేసింది. రెండు దోమల్లో కనపడిన వింత కణాల గురించి అని చాలా అణకువగా పేరు పెట్టుకున్నారు.

ఇక పని ముగించడమే తరువాయి అనుకుంటుండగా రాజపుతానాలోని ఖేర్‌వాడాకు బదిలీ అయింది. అక్కడ మలేరియా రోగులే సరిగా లేరు. మాన్సన్ లండన్ నుంచి ఒత్తిడి తెచ్చాక 1898 ఫిబ్రవరిలో కలకత్తా పంపారు. అక్కడ మనుషుల బదులు పక్షుల మలేరియా తీసుకున్నారు. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు దోమలూ పక్షులూ పట్టి తెచ్చి, పంజరాలు చూసుకునేవాడు. ఆ జులైలో జీవి కడుపు గోడ నుంచి బయల్దేరి దోమ లాలాజల గ్రంథికి చేరుతుందని, అక్కడి నుంచి కాటుతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకకు వెళ్తుందని చూపించేశారు. నీళ్ళు కాదు, కాటు. అదే ఏడాది రోమ్‌లో గ్రాస్సీ, ఆయన సహచరులు మనిషి మలేరియాకు అనాఫిలిస్ దోమే కారణమని చూపించారు.

ఆ తర్వాతి జీవితం త్వరగానే చెప్పుకోవచ్చు. 1899లో ఇండియా సర్వీసు వదిలి లివర్‌పూల్‌లో ఉష్ణమండల వ్యాధుల కళాశాలలో చేరారు. 1902లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి బ్రిటన్ పౌరుడు ఆయనే. సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియా పట్టణానికి వెళ్ళి దోమల నివారణ ఎలా చేయాలో చెప్పారు, అక్కడ మలేరియా బాగా తగ్గింది. చిన్నప్పటి లెక్కల ఇష్టం మళ్ళీ పైకి వచ్చింది. మలేరియా పోవాలంటే ప్రతి దోమా చావనక్కర్లేదని, ఒక సంఖ్య కంటే తగ్గిస్తే చాలని సమీకరణాలు రాశారు. కరోనా రోజుల్లో టీవీల్లో మనం విన్న అంటువ్యాధుల లెక్కలకు ఆయన మూలపురుషుల్లో ఒకరు.

మనిషిగా మాత్రం సులువైనవారు కాదు. ఘనత ఎవరిదన్న దాని మీద గ్రాస్సీతో చివరి దాకా తగవే. దారి చూపిన మాన్సన్ మీద కూడా పరువు నష్టం కేసు వేస్తానని బెదిరించారు. తన పనికి తగ్గ డబ్బు ప్రభుత్వం ఇవ్వలేదని బాధపడేవారు. 1928లో ఇల్లు గడవక తన ఉత్తరాలు, నోట్‌బుక్కులు రెండు వేల పౌండ్లకు అమ్ముకోవలసి వచ్చింది. సైన్సు పాఠాల్లో మనం చెప్పే ప్రశాంతమైన మేధావి ముఖం ఆయనకు లేదు. ఒక కణం అంచు మరీ స్పష్టంగా ఉందని సహించలేని మనిషి, మనుషుల్లోని తేడాలనూ సహించలేకపోయారేమో. ఇది నా ఊహ మాత్రమే. 1931లో రోజా పోయారు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో ఆయన కన్నుమూశారు.

బేగంపేటలో పాత ఎయిర్‌పోర్టు పక్కన ఆయన పని చేసిన భవనం ఇప్పటికీ ఉంది, ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. ఆ రోజు మా తరగతిలో ఉల్లిపొర ప్రయోగం పెడుతున్నాం. ఈసారి ముందు గాలి బుడగలు మాత్రమే ఉన్న స్లైడు, తర్వాత కణాలు మాత్రమే ఉన్న స్లైడు చూపించి, ఆ తర్వాతే రెండూ కలిసినది ఇస్తాను. టిఫిన్ బాక్సుల అబ్బాయి రిపోర్టు కార్డులో ఆ మాట కొట్టేసి, ప్రశ్నలో నాట్, ఎక్సెప్ట్ లాంటి మాటల్ని ముందు గుర్తించి గీత గీయడం నేర్పాలి అని రాశాను. నేర్పవలసింది నేనే కాబట్టి సంతకం కూడా నాదే పెట్టాను. ఇది చదివాక వెనక పేజీలో తేడాలు కనుక్కోండి పజిల్‌ను పిల్లలతో కలిసి చేయండి. ముందు ఎడమ బొమ్మను ఒక నిమిషం తీరిగ్గా చూడనిచ్చి, తర్వాత కుడి బొమ్మ చూపించండి.

మలేరియా మన ఊళ్ళో ఒకప్పటంత లేదు. అందుకే ల్యాబ్‌లో రక్తపు స్లైడు చూసే టెక్నీషియన్ పని ఇప్పుడు ఇంకా కష్టం. రోజంతా చూసినా ఒక్కటీ దొరకని రోజులే ఎక్కువ. అలాంటప్పుడు కన్ను తొందరపడుతుందని తెలిసే, మైక్రోస్కోపు కింద కనీసం వంద చోట్లు జరిపి చూడకుండా నెగటివ్ అని రాయకూడదని నియమం పెట్టారు. ఈ వానల్లో మీ పిల్లలకు జ్వరం వచ్చి రక్తపరీక్షకు ఇస్తే, రిపోర్టు కోసం బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ లోపల ఎవరో ఒకరు ఆ వంద చోట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటారు.